కబిని ఒడ్డున ఏనుగుల ఇంటిపేర్లు

అడవి అంచున ఏనుగులు కనిపిస్తే ఎవరైనా ముందు లెక్కపెడతారు. మూడు పెద్దవి, రెండు గున్నలు. లెక్క అక్కడితో అయిపోతుంది. కానీ ఆ మూడూ ఒకదానికొకటి ఏమవుతాయి? నిన్న కూడా కలిసే ఉన్నాయా? రేపు ఎవరి దారి వారిదేనా? వినడానికి చిన్న ప్రశ్నల్లాగే ఉంటాయి. వీటికి జవాబు రాబట్టడానికి బెంగళూరు పరిశోధకులకు మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

అడవి జంతువుల కుటుంబాల్ని వాటి మధ్యకే వెళ్లి చదవాలన్న పట్టుదలకు పేరు తెచ్చినవి ఆఫ్రికాలోని కొండ గొరిల్లాలు. 1959లో జార్జ్ షాలర్ విరుంగా అగ్నిపర్వతాల మీదికి ఎక్కి వాటి వెంట నడిచాడు. 1967లో డయాన్ ఫాసీ రువాండాలో కరిసోకే అనే స్థావరం ఏర్పాటు చేసుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. గొరిల్లాలు ప్రతి రాత్రీ ఆకులు, కొమ్మలు వంచి కొత్త పడక వేసుకుంటాయి. నిన్నటి పడక దొరికితే చాలు, అక్కడి నుంచి విరిగిన మొక్కల్ని, పేడను చూసుకుంటూ జాడగాళ్లు ఈనాటి గుంపును చేరుకుంటారు. ఏ గొరిల్లా ఏదో గుర్తించడానికి ఫాసీ వాటి ముక్కుల మీది ముడతల్ని బొమ్మలు గీసి పెట్టుకునేది. ఏ రెండు ముక్కులూ ఒకేలా ఉండవు. గొరిల్లాల విషయంలో పరిశోధకులకు కలిసొచ్చింది ఇంకొకటి ఉంది. వెండి వీపు మగ గొరిల్లా చుట్టూ కుటుంబమంతా కలిసే తిరుగుతుంది, రోజుకు పెద్ద దూరమూ పోదు. గుంపు దొరికితే కుటుంబం దొరికినట్టే.

ఏనుగులతో అలా కుదరదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆఫ్రికా ఏనుగుల మీద ఇయాన్ డగ్లస్-హామిల్టన్ 1960లలో మన్యారా సరస్సు దగ్గర పని మొదలుపెట్టి, ఒక్కో ఏనుగునూ చెవుల ఆకారంతో గుర్తుపట్టాడు. 1972లో సింథియా మాస్ కెన్యాలోని అంబోసెలిలో మొదలుపెట్టిన అధ్యయనం ఏనుగుల సమాజంలోని అంతస్తుల్ని బయటపెట్టింది. తల్లులు, కూతుళ్లు, పిల్లలు కలిసి ఒక కుటుంబం. స్నేహంగా మెలిగే కుటుంబాలు కలిస్తే ఒక బృందం. వాటన్నిటికీ పైన వంశం. అయితే ఆమె పనిచేసింది కనుచూపు మేర గడ్డి పరుచుకున్న మైదానాల్లో. మన దక్షిణాది అడవుల్లో వెదురు, లాంటానా పొదల నడుమ ఏనుగు కొన్ని నిమిషాలు కనబడి మాయమవుతుంది. అంత పెద్ద జంతువు అంత తేలిగ్గా ఎలా కనుమరుగవుతుందన్నది అడవిలో తిరిగినవారికే తెలుస్తుంది.

1980ల మొదట్లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి రామన్ సుకుమార్ అనే యువకుడు, మాధవ్ గాడ్గిల్ మార్గదర్శకత్వంలో, చామరాజనగర్–సత్యమంగళం అడవులకు చేరాడు. ఏనుగులు ఏం తింటాయి, పొలాల మీద ఎందుకు పడతాయి అన్నది ఆయన ముఖ్య విషయం. రైతుల పంటల్ని ఎక్కువగా పాడుచేసేది మగ ఏనుగులేనని తేల్చారు. గుర్తుపట్టగలిగిన ఏనుగుల వివరాలు రాసుకుంటూ పోయారు. కొన్ని గుంపులు రుతువుల్ని బట్టి ఒకేచోటికి కలిసి కదలడం గమనించి, మన ఏనుగులకూ పెద్ద వంశాలు ఉండొచ్చని అనుమానించారు. అనుమానమే గాని, రుజువు చేతికి రాలేదు. ఏ ఏనుగు ఎవరితో ఎన్నిసార్లు కలిసిందో చెప్పాలంటే ఒక్కోదాన్నీ పదేపదే చూడాలి. ఆ అడవి అంత అవకాశం ఇవ్వలేదు.

తర్వాతి ప్రయత్నం రేడియో కాలర్లది. 1990లలో ముదుమలైలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఏనుగులకు మత్తు సూది వేసి మెడకు కాలర్లు కట్టారు. ఏనుగుల సంచారం వందల చదరపు కిలోమీటర్ల మీద సాగుతుందని అప్పుడు తెలిసింది. చాలా విలువైన సమాచారమే. కానీ కాలర్ ఆ ఏనుగు ఎక్కడుందో చెబుతుంది. దాని పక్కన ఎవరున్నారో చెప్పదు.

2000 సంవత్సరంలో శ్రీలంక నుంచి వచ్చిన ఒక అధ్యయనం చిక్కుముడిని ఇంకా బిగించింది. అక్కడ కాలర్లు, జన్యు పరీక్షలు కలిపి చూసిన శాస్త్రవేత్తలు, ఆసియా ఏనుగులు చిన్న చిన్న దగ్గరి బంధువుల గుంపులుగానే ఉంటాయనీ, వాటికి పైన వేరే అంతస్తు లేదనీ తేల్చారు. అంటే ఆఫ్రికా ఏనుగులది ఉమ్మడి కుటుంబం, మనవాటిది వేరు కాపురం అన్నట్టు తీర్పు వచ్చేసింది.

అప్పటికే సుకుమార్ దగ్గర టి.ఎన్.సి. విద్య అనే విద్యార్థిని మరో దారి పట్టింది. ఏనుగు పేగుల్లోంచి బయటికి వచ్చే పేడ ఉండకు పేగు గోడల కణాలు అంటుకుని ఉంటాయి. తాజా ఉండ పైపొరను గీకి తెచ్చుకుంటే అందులోంచి డీఎన్‌ఏ తీయొచ్చు. ఏనుగును తాకనక్కర్లేదు, దానికి మత్తు ఇవ్వనక్కర్లేదు. ఈ పద్ధతితో 2005లో విద్య, సుకుమార్ ప్రచురించిన ఫలితాల ప్రకారం గుంపులోని ఆడ ఏనుగులు దగ్గరి రక్తసంబంధీకులే. ఎదిగిన మగవి మాత్రం పుట్టిన గుంపును వదిలి వెళ్లిపోతాయి. బంధుత్వం తేలింది. మరి రాకపోకల మాటేమిటి? అది పేడలో దొరికే విషయం కాదు.

అప్పుడు కలిసొచ్చినది, ఏనుగులతో ఏ సంబంధమూ లేకుండా కట్టిన ఒక ఆనకట్ట. 1974లో మైసూరు జిల్లా బీచనహళ్లి దగ్గర కబిని నది మీద జలాశయం పూర్తయింది. నాగరహొళె, బండీపుర అడవుల నడుమ లోయ మునిగిపోయింది. కానీ ప్రతి వేసవిలో నీరు వెనక్కి తగ్గినప్పుడు, ఆ బురద నేల మీద పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవి ఎండిపోయి ఉన్న సమయంలో ఆ పచ్చిక కోసం రెండు అడవుల ఏనుగులూ బయటికి వస్తాయి. పొదలు లేవు, చెట్లు లేవు. దశాబ్దాలుగా చాటుకు పోతూ వచ్చిన కుటుంబాలు ఆరుబయట నిలబడి కనిపిస్తాయి.

బెంగళూరు జక్కూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో అధ్యాపకురాలైన విద్య, 2009లో తన విద్యార్థులతో కలిసి ఇక్కడ కబిని ఎలిఫెంట్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. పని చూడటానికి చాలా సాదా. జీపులో వెళ్లడం, ఫొటోలు తీయడం, రాసుకోవడం. కాని ఆ రాసుకోవడంలోనే ప్రాణమంతా ఉంది. మన ఆడ ఏనుగులకు పొడవాటి దంతాలు ఉండవు, కాబట్టి ఉన్నంతలో చెవులే దిక్కు. చెవి పైఅంచు ముందుకు ముడుచుకుందా, వెనక్కా? కింది కొస గుండ్రమా, కోణమా? అంచున చిరుగు ఎక్కడ, రంధ్రం ఎక్కడ, లేత గులాబీ మచ్చలు ఏ వైపు? ఆ తర్వాత వీపు వంపు, తోక పొడవు, తోక చివర వెంట్రుకలు ముందువైపు మిగిలాయా, వెనకవైపు రాలాయా. వయసుతో పాటు చెవి మడత పెరుగుతుంది, కొత్త చిరుగులు వస్తాయి. అందుకే ఒకసారి గుర్తుపట్టడంతో సరిపోదు, ఏటా మళ్లీ సరిచూసుకోవాలి. ఇలా వందల ఏనుగుల్ని విడివిడిగా గుర్తించి, పేర్లు పెట్టి, ఏ రోజు ఎవరు ఎవరితో ఉన్నారో నమోదు చేశారు.

నందిని, కీర్తిప్రియ అనే విద్యార్థినులతో కలిసి విద్య 2017, 2018లలో ప్రచురించిన ఫలితాల్లో ముడి విడిపోయింది. ఏ రోజు చూసినా కబిని ఏనుగులు చిన్న గుంపులుగానే కనిపిస్తాయి. కానీ ఆ గుంపులో ఎవరున్నారన్నది మారుతూ ఉంటుంది. ఈరోజు విడిపోయిన ఆడ ఏనుగు రేపు ఇంకో ఇద్దరితో కలుస్తుంది. ఎలా కలిసినా, ఎలా విడిపోయినా, ఒక హద్దు మాత్రం దాటదు. ఆ హద్దే వంశం. ఒకే ఇంటిపేరు వాళ్లు వేర్వేరు ఇళ్లలో ఉంటూ ఒకరింటికి ఒకరు వస్తూపోతూ ఉన్నట్టు. వంశం పెద్దదైనంత మాత్రాన గుంపు పెద్దది కాలేదు. గుంపు చిన్నదిగానే ఉంటుంది, పెద్ద వంశంలోని ఏనుగు తోటివారిని మార్చుకుంటూ ఎక్కువ మంది బంధువుల్ని కలుస్తుంది. శ్రీలంకలోని ఉడవలవె, కెన్యాలోని సంబూరు ఏనుగుల సమాచారంతో పోల్చి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఆఫ్రికా, ఆసియా ఏనుగుల సమాజాల మధ్య కనిపించే తేడాలో చాలా భాగం గుంపు పరిమాణం వల్ల వచ్చినదే. పైకి కనిపించే ఆ తేడా కింద పోలికలు దాగి ఉన్నాయి. సుకుమార్ చాలా ఏళ్ల కిందట అనుమానించిన వంశాలు నిజంగానే ఉన్నాయి.

ఒక్కో దశలో ఎంత తెలిసిందో, ఇంకెంత తెలియలేదో పరిశోధకులు నిజాయితీగా ఒప్పుకుంటూ వచ్చారు కనుకే ఈ ముడి విడిపోయిందని నా అభిప్రాయం. కబిని పచ్చిక మీదే హంసరాజ్ గౌతమ్ అనే విద్యార్థి వంశానికీ వంశానికీ జరిగే తగాదాల్ని కూడా పరిశీలించాడు. మేత ఒకేచోట దట్టంగా ఉన్నప్పుడు, వంశం లోపల సర్దుకుపోయే ఏనుగులే పరాయి వంశాన్ని తరుముతాయి.

మన తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. దాదాపు రెండు శతాబ్దాల పాటు ఆంధ్ర నేల మీద ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు వైపు నుంచి అవి కుప్పం, పలమనేరు అడవులకు తిరిగి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పొలాలకు దిగే ఏనుగుల్ని మళ్లించడానికి 2025 మే నెలలో బెంగళూరు విధానసౌధ దగ్గర కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు కుమ్కీలను, అంటే శిక్షణ పొందిన ఏనుగుల్ని, అప్పగించింది. మళ్లించేది ఎవరిని, ఎవరి నుంచి ఎవరిని విడదీస్తున్నాం అన్నది తెలిసినప్పుడే ఆ పని సక్రమంగా జరుగుతుంది. పొలం గట్టున కనిపించిన మూడు ఏనుగులు ఒక కుటుంబం మొత్తం కాకపోవచ్చు, మిగతావారు అవతలి కొండ మీద ఉండొచ్చు. కౌండిన్య ఏనుగుల్ని తలలు లెక్కపెట్టి వదిలేయకుండా, కబినిలో చేసినట్టు చెవి చెవినీ చూసి, పేరు పేరునా తెలుసుకునే పనికి మన అటవీశాఖ, మన విశ్వవిద్యాలయాలు కలిసి పూనుకోవాలి.