స్థలం చూపించి కమీషన్ తీసుకుంటే ఏజెంటే: దళారీకి చట్టం పెట్టిన హద్దులు

కువైట్‌లో ఉన్న కొడుకు డబ్బు పంపుతాడు. ఆత్మకూరులో హైవే పక్కనో, ఉదయగిరిలోనో ముప్పై అంకణాల స్థలం కొందామని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ‘మనవాడే, మంచి ప్లాటు చూపిస్తాడు’ అంటూ ఒకాయన వస్తాడు. బేరం కుదిరాక ‘నాకేమైనా చూడండి’ అంటాడు. అవతలి పార్టీ దగ్గర ఆయన ఎంత తీసుకున్నాడో మనకు తెలియదు. గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఏజెంటు అంటే ఎవరు?

2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) ప్రకారం, ఫీజో కమీషనో తీసుకుని ప్లాటు, ఇల్లు అమ్మకాల్లో ఒకరి తరఫున మాట్లాడేవారు ఏజెంటే. కొనేవారిని, అమ్మేవారిని పరిచయం చేసి డబ్బు తీసుకున్నా ఏజెంటే. దళారీ, బ్రోకర్, మధ్యవర్తి అని పేరేదైనా సరే. ఆఫీసు లేకపోయినా, బంధువే అయినా తేడా లేదు.

వెంచరులో ప్లాటు అయితే

ప్లానింగ్ ప్రాంతంలో 500 చదరపు మీటర్లు, అంటే మన నెల్లూరు లెక్కలో దాదాపు 75 అంకణాలు దాటిన లేఔట్‌ను, 8 ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటును రెరాలో రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు. అలాంటి ప్లాట్లు అమ్మించే ఏజెంటుకు కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు చూపించాలి. ఇంకా ఏజెంటు:

- రిజిస్టర్ కాని వెంచరులో ప్లాట్లు అమ్మించకూడదు.
- లేని అనుమతులు ఉన్నాయని చెప్పకూడదు, తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదు.
- లెక్కల పుస్తకాలు రాయాలి.
- బుకింగ్ సమయంలో కొనేవారికి రావాల్సిన కాగితాలు, వివరాలు అందేలా చూడాలి.

తప్పితే రోజుకు 10,000 రూపాయల జరిమానా. అది పెరుగుతూ పోయి, ఆ ప్లాటు విలువలో 5 శాతం దాకా రావచ్చు. మోసం చేశాడని తేలితే రిజిస్ట్రేషన్ కూడా రద్దవుతుంది.

పొలం, పాత ఇల్లు అయితే

ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి అమ్ముకునే పొలానికి, పాత ఇంటికి రెరా వర్తించదు. అలాగని దళారీకి అడ్డూ అదుపూ లేదనుకోకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యాకే ఏజెంటుకు కమీషన్ వస్తుంది (సెక్షన్ 219). తప్పు చేసిన పనికి కమీషన్ అడిగే హక్కు లేదు (220).

కమీషన్ ఇన్ని శాతం అని రెరా చట్టం చెప్పదు. ఊరి అలవాటు, మన మాట, అంతే. అందుకే ఎంత, ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అనేది ముందే ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి.

రెండు వైపులా తీసుకుంటే

మీ తరఫున మాట్లాడుతూ, మీకు చెప్పకుండా దళారీ సొంత లాభం చూసుకుంటే ఆ లాభం మీరు అడగవచ్చు (216). అమ్మే మీకు 40 లక్షలని చెప్పి, కొనేవారి దగ్గర 43 లక్షలు తీసుకుంటే ఆ 3 లక్షలు మీవే. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ‘ఆ ఇల్లు దొరకదు’ అని మీకు చెప్పి, దళారీ తానే కొనేసుకుంటే, కొన్న ధరకే తనకు అమ్మమని మీరు పట్టుబట్టవచ్చు.

రెండు వైపులా తీసుకోవడం ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుంటే అది వేరే సంగతి. దాచిపెట్టడమే తప్పు.

బయానా ఇచ్చే ముందు

- ఏజెంటు నంబరు, వెంచరు నంబరు ఏపీ రెరా వెబ్‌సైటులో చూడండి.
- సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. వక్ఫ్, అసైన్డ్, ప్రభుత్వ భూములు అందులో ఉంటాయి. దళారీ ‘నేను చూసుకుంటా’ అన్నా డబ్బు ఇవ్వకండి.
- రెరా వెంచరులో అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు 10 శాతానికి మించి అడగకూడదు.
- డబ్బు బ్యాంకు ద్వారా, యజమాని ఖాతాకే పంపండి. దళారీ చేతికి ఇవ్వకండి. కమీషన్‌కు వేరే రసీదు తీసుకోండి.

మోసపోతే

వెంచరు విషయమైతే ఏపీ రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. మిగతా వాటికి సివిల్ కోర్టు ఉంది. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉంటే పోలీస్ స్టేషన్‌లో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద కేసు పెట్టవచ్చు. లాయరుకు డబ్బులేదని ఊరుకోకండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. దగ్గరలోని కోర్టులో మండల న్యాయ సేవా కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

తెలిసినవాడు కదా, కాగితం అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడతాం. కాగితం ఉంటే ఆయన కమీషన్‌కూ భద్రత, మన డబ్బుకూ భద్రత. రేపు చుట్టరికం కూడా చెడదు.