దస్తర్‌ఖాన్ దగ్గర జపాన్

2016లో మన సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఇసుజు కార్ఖానా తెరుచుకుంది. అప్పట్నుంచి జపాన్ అంటే మనకు మషీన్లు, నౌకరీలు. వాళ్ల తహజీబ్ సంగతీ కొంచెం తెలుసుకోవాలి.

1945లో ఆ ముల్క్‌లో షహర్లకు షహర్లే కాలి బూడిదయ్యాయి. 1954లో బడి భోజనానికి కానూన్ తెచ్చారు. 1964లో బుల్లెట్ రైలు పరుగెత్తింది. ఇంత తరక్కీలోనూ పాత అదబ్ పోలేదు. నేటికీ బళ్లో పిల్లలే వడ్డించుకుంటారు. అందరూ కూర్చున్నాక చేతులు జోడించి 'ఇతదాకిమాస్' అంటారు. 'వినయంగా అందుకుంటున్నాను' అని దాని అర్థం. తిన్నాక మళ్లీ షుక్రియా చెప్పి లేస్తారు.

మనకు బిస్మిల్లా, అల్‌హమ్దులిల్లా ఉన్నాయి. నానీ, దాదీ నేర్పినవే. మన పిల్లలేమో ఫోన్ చూస్తూ ముద్ద మింగుతున్నారు. జమానా మారిందని బహానా చెప్పకండి. జపాన్‌లోనూ మారింది. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ పరిచి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.