డబ్లో ఇంజన్‌కు పుట్టిన ఏడాదే జాతకం

పాత బొమ్మ రైలింజన్ కొనబోయేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. నన్నడిగితే, మొదట తెలుసుకోవాల్సింది అది ఏ ఏడాది తయారైందన్నది. హార్న్‌బీ డబ్లో ఇంజన్ల విషయంలో ఇది మరీ నిజం. 1938 నుంచి 1964 దాకా ఇవి ఇంగ్లండ్‌లో, లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్ ఫ్యాక్టరీలో తయారయ్యాయి. ఇంజన్‌కు ఏ జబ్బు ఉండే అవకాశముందో, దానికి మందుందో లేదో ఆ ఏడాదే చాలావరకు చెప్పేస్తుంది.

ఈ వంశానికి మూలపురుషుడు ఫ్రాంక్ హార్న్‌బీ. మాంసం దిగుమతి చేసే కంపెనీలో గుమాస్తాగా ఉంటూ, ఇంట్లో కొడుకుల కోసం రేకును బద్దీలుగా కత్తిరించి, వరసగా బెజ్జాలు కొట్టి, నట్లూ బోల్టులతో క్రేన్లూ వంతెనలూ కట్టి చూపించాడు. దానికి 1901లో పేటెంట్ తీసుకున్నాడు. అదే తర్వాత మెకానోగా దేశదేశాలకూ వెళ్లింది. 1920లో కీ ఇస్తే నడిచే రైళ్లు తెచ్చినప్పుడు ఆ తొలి ఇంజన్లనూ నట్లూ బోల్టులతోనే బిగించారు. ఏ బొమ్మనైనా పిల్లవాడు విప్పి మళ్లీ బిగించుకోగలగాలన్నది ఆయన పట్టుదల. ఎనభై ఏళ్ల కిందటి డబ్లో ఇంజన్‌ను ఈరోజు ఒక స్క్రూడ్రైవర్‌తో విప్పగలుగుతున్నామంటే, ఆ పట్టుదల ఫ్యాక్టరీలో నిలిచిపోయినందువల్లేనని నా నమ్మకం.

1920 నాటి రైళ్లు 32 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచేవి. వాటికి గదంతా కావాలి. 1935లో జర్మనీకి చెందిన మార్క్లిన్ దాదాపు అందులో సగం వెడల్పు పట్టాలతో, బల్లమీద పట్టే రైళ్లు తెచ్చింది. హార్న్‌బీ 1936లో కన్నుమూశాడు. ఆయన కంపెనీ మెకానో 1938లో 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే డబ్లోను విడుదల చేసింది. ఆ మొదటి జట్టులో మొహం ఏటవాలుగా ఉండే ‘సర్ నైజెల్ గ్రెస్లీ’ ఒకటి, పొట్టి ట్యాంక్ ఇంజన్ ఒకటి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఇంజన్ దొరికితే ఎవరికైనా చేయి ఆగదు. కానీ ఆగాలి. చట్రాన్నీ పైకప్పునూ మజాక్ అనే జింకు మిశ్రమంతో అచ్చు పోశారు. జింకు అతిశుద్ధంగా ఉంటేనే ఈ లోహం నిలుస్తుంది. కరిగేటప్పుడు కాస్త సీసమో తగరమో కలిసిందంటే, గాలిలో తేమకు లోహపు రేణువుల అంచుల వెంట లోలోపలే తుప్పు పాకుతుంది. లోహం ఉబ్బుతుంది, సాగుతుంది, పగుళ్లు వేస్తుంది, చివరికి బిస్కెట్‌లా విరిగిపోతుంది. దీపం పక్కకు పెట్టి చట్రాన్ని వాలుగా పట్టుకుని చూడండి. సాలెగూడులాంటి సన్నని గీతలు కనిపించినా, పైకప్పు చట్రం మీద సరిగా కూర్చోకపోయినా దింపేయండి. దీనికి మందు లేదు. చట్రం మార్చుకోవడమొక్కటే దారి.

యుద్ధం తర్వాతి ఇంజన్లలో ఈ బెడద బాగా తక్కువ. వాటి కరెంటు మోటార్లలో ఎక్కువగా కనిపించేది ఎండి బంక కట్టిన నూనె, అరిగిన కార్బన్ బ్రష్‌లు, మసిపట్టిన కమ్యుటేటర్, బలం తగ్గిన అయస్కాంతం. అన్నీ బాగయ్యేవే. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు: మోటారులో తిరిగే ఆర్మేచర్‌ను ఊరికే బయటికి లాగితే అయస్కాంతం ఇంకా నీరసిస్తుంది. లాగేముందే ధ్రువాలకు అడ్డంగా మెత్తని ఇనుప ముక్క ఒకటి ఆనించి ఉంచాలి. ఇది తెలియక పాడైన మోటార్లు ఎన్నో. అలాంటివాటిని మళ్లీ అయస్కాంతీకరించి ఇచ్చే నిపుణులు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నారు.

ఇక పట్టాల సంగతి. తొలి డబ్లోలు మూడు పట్టాలవి. మధ్య పట్టాలోంచి కరెంటు వచ్చి, చక్రాల గుండా పక్క పట్టాల్లోకి తిరిగి వెళుతుంది. అందుకే ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య కరెంటును ఆపే అడ్డేమీ ఉండదు. అలాంటిదాన్ని ఇప్పటి రెండు పట్టాల మీద పెడితే షార్ట్ సర్క్యూటే. 1950ల్లో ట్రయాంగ్ కంపెనీ ప్లాస్టిక్ పైకప్పులతో, రెండు పట్టాలతో చౌకగా అమ్మేస్తుంటే, డబ్లో 1959లో గాని రెండు పట్టాలకు మారలేదు. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది. 1964లో ట్రయాంగ్ యజమానులైన లైన్స్ బ్రదర్స్ చేతికి మెకానో వెళ్లిపోయింది, డబ్లో తయారీ ఆగింది. కొన్ని అచ్చులు రెన్ అనే చిన్న కంపెనీకి చేరాయి. అందుకే అదే ముఖంతో రెన్ పేరున్న ఇంజన్లు కూడా కనిపిస్తాయి. బిన్స్ రోడ్ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

కొనుగోలుదారులు తగ్గిపోయిన డబ్లో చివరి రోజుల్లో వచ్చిన మూడు పట్టాల ‘డోర్చెస్టర్’ లాంటివి తక్కువగా తయారయ్యాయి. వేలంలో వాటి కోసమే పోటీ. మొదటిసారి చేయి పెట్టేవాళ్లు వాటి జోలికి పోవద్దు. యుద్ధం తర్వాతి పొట్టి ట్యాంక్ ఇంజన్ చూసుకోండి. బొమ్మల సంతల్లో విరివిగా దొరుకుతుంది, విడిభాగాలూ దొరుకుతాయి. రంగు అక్కడక్కడ లేచిపోయినా అసలు రంగే ఉందంటే దాన్ని గీకి కొత్త రంగు వేయకండి. మెత్తని గుడ్డతో తుడిచి, ఇరుసులకు ఒక్కో చుక్క పలచని నూనె వేసి, 12 వోల్టుల డీసీ కరెంటు ఇవ్వండి.