ఉత్తరాంధ్ర విద్యాసంస్థలు : అధ్యక్షుల ఎన్నిక, పరిణతి

విద్యాసంస్థకు అధ్యక్షుని నియమించుట ఒక దినమున ముగియు కార్యము. అధ్యక్షుడు రూపొందుట అనేక సంవత్సరముల ఫలము. ఈ భేదమును గుర్తించుటకు విజయనగర, శ్రీకాకుళ మండలముల విద్యాచరిత్ర మిక్కిలి ఉపకరించును.

1919లో విజయనగర ప్రభువులు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రథమాధ్యక్షులుగా నియమించిరి. ఈ నియామకమునకు ప్రభువుల గుణగ్రహణశక్తియే ఆధారము. అంతకంటెను గమనింపదగినది ద్వారము వేంకటస్వామినాయుడుగారి విషయము. విద్యార్థిగా చేరవచ్చిన వీరిని అధ్యాపకులుగానే నియమించిరని ప్రతీతి. వీరు దాసుగారి అధ్యక్షతలో పదునేడేండ్లు వాయులీనమును బోధించి, 1936లో తామే అధ్యక్షులైరి. పదవి ప్రభుదత్తమే యైనను, దానికి వలసిన యోగ్యత ఆ పదునేడేండ్లలో సమకూరినదని భావింపవచ్చును.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడగా, ఈ ప్రాంతపు కళాశాలలు దాని పరిధిలోనికి వచ్చినవి. ఎన్నిక భారము సెనేటునకు సంక్రమించినది. 1931లో ఆ సభ కలకత్తాలో తత్త్వశాస్త్రాచార్యులుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణగారిని వైస్ ఛాన్సలరుగా ఎన్నుకొనినది. 1949లో ఆ పదవి నలంకరించిన వాసిరెడ్డి శ్రీకృష్ణగారు అంతకుముందు అదే విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమును బోధించినవారు. కావున వెలుపలి ప్రతిభను ఆహ్వానించుట, లోపలి ప్రతిభను పెంపొందించుట అను రెండు మార్గములును అచట ఫలించినవి.

ఎచ్చెర్లలో 1977లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రము 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైనది. 1991 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయముల చట్టము ముగ్గురు సభ్యుల సంఘము సూచించిన పేర్లనుండి వైస్ ఛాన్సలరును నియమించు పద్ధతిని విధించినది. 2018 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ నిబంధనలు విశ్వవిద్యాలయాచార్యులకు ఆ పదవిలో పదేండ్ల అనుభవము ఉండవలెనని నిర్దేశించినవి.

ఈ నియమములు ప్రభువుల అభిరుచికంటె, సభలోని పక్షబలముకంటె నిష్పాక్షికములని చెప్పవచ్చును. కాని నిబంధన ఏండ్లను లెక్కించును గాని, ఆ యేండ్లలో ఆచార్యుడేమి నేర్చెనో లెక్కింపజాలదు. పాఠ్యప్రణాళికా రచన, పరీక్షా నిర్వహణము, వసతిగృహ పర్యవేక్షణము, శాఖాధ్యక్షత మున్నగు బాధ్యతలే అధ్యక్షతకు అభ్యాసరంగములు. వీనిని వృద్ధులు తమకడనే యుంచుకొనిన శాఖలో తరువాతి తరము వయస్సున పెరుగును గాని కార్యదక్షతయందు పెరుగదు. అట్టి శాఖలనుండి అన్వేషణ సంఘమునకు లభించునవి పేర్లు మాత్రమే. నూతన విశ్వవిద్యాలయములు తమ అధ్యక్షులను తామే తీర్చిదిద్దుకొనవలె నన్నచో, ఆ కృషి సంఘము సమావేశమగు దినమున గాక, యువ అధ్యాపకుడు కొలువున చేరిన దినముననే ఆరంభము కావలయును.