మామ జవాబు: ‘ఊరెళ్ళిపోతా మామా’ పాటలో సంవాద స్వరూపం

ఒక సాహిత్య సదస్సులో తెలుగు బ్యాండ్ పాటల మీద పత్రం చదివిన పరిశోధకుడు ‘ఊరెళ్ళిపోతా మామా’ను రెండు ముక్కల్లో తేల్చేశారు. రెగే తాళానికి తెలుగు జానపదం తొడిగారట, నగరాల్లో ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లకు ఊరి బెంగను అందంగా కట్టి ఇచ్చారట. అందుకే పాట నిలిచిందట. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేకపోయాను. అభ్యంతరం చెప్పడానికి నాకు దొరికింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో పట్టని మాటే ఈ వ్యాసం.

నా అభ్యంతరం పుట్టింది బెజవాడ దగ్గరి జి. కొండూరు మామిడి తోటలో. పనిపాటల సేకరణ కోసం జి. కొండూరు, మైలవరం, రెడ్డిగూడెం మండలాలు తిరుగుతున్న రోజులవి. మే నెల, రసాల కోత ముమ్మరంగా ఉంది. గెడకు కట్టిన చిక్కంతో ఒకడు కాయ దించుతుంటే, ఇంకొకడు తొడిమ తుంచి, సొన కారిపోయేలా గడ్డి మీద బోర్లిస్తున్నాడు. నున్న మార్కెట్టుకు వెళ్లవలసిన సరుకు. ట్రాక్టరు మీద పెట్టిన ఫోనులో ఈ పాట మొదలైంది. ఊరికి వెళ్లిపోతానన్న గొంతు ఆగీ ఆగకముందే, తోటను గుత్తకు తీసుకున్న పెద్దాయన చెట్టు కింద నుంచి అందుకున్నాడు.

‘పోయి ఏం తింటావురా? మీ చెరువులో నీళ్లున్నాయంటరా?’

కాయ దించుతున్న కుర్రాడు నవ్వలేదు. ‘నీళ్లు లేకే గదా బాబాయ్, ఇటొచ్చింది’ అన్నాడు.

పాటలోని మామ జవాబు ఆ తరవాత వచ్చింది. అప్పటికే తోటలో ఒక ప్రశ్న, ఒక జవాబు అయిపోయాయి. సదస్సు పరిశోధకుడి లెక్కలో ఈ పాటకు శ్రోత హైదరాబాదులో అద్దాల మేడలో కూర్చునేవాడు. నాకు కనిపించిన శ్రోత మెట్ట ఊరు వదిలి కోతకు వచ్చిన కూలి. పైగా అతడు పాటను విని ఊరుకోలేదు, పాటలో దిగి మాట్లాడాడు. పాట విజయ రహస్యం ఇక్కడ ఉందని నాకు అప్పుడే అనిపించింది.

‘మేళవింపు’ అనే మాటతో పేచీ

ఈ పాట కట్టిన చౌరస్తా హైదరాబాదు బృందం. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల, వారి తోటి వాద్యకారులు కలిసి నడిపిన బ్యాండ్. 2020లో కరోనా జాగ్రత్తల మీద కట్టిన పాటతో ఆ పేరు ఇంటింటికీ తెలిసింది గాని, అంతకు ముందే ‘ఊరెళ్ళిపోతా మామా’తో యువతకు దగ్గరైంది. సినిమా లేదు, హీరో లేడు, ఆడియో ఫంక్షన్ లేదు. గిటారు, తాళవాద్యాలు, గొంతులు. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు.

తగాదా ‘మేళవింపు’ అన్న మాట దగ్గర మొదలవుతుంది. పాశ్చాత్య వాద్యం, దేశీ బాణీ కలిసి కనిపించిన ప్రతిచోటా మన పరిశోధకులు ఈ మాటే వాడుతున్నారు. పాలూ నీళ్లూ కలిసినట్టు రెండూ ఒకటైపోయాయని దాని అర్థం. సదస్సు పత్రమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. కాని పాటలో ఏది దేనితో ఒకటైంది? వెళ్లిపోతాననేవాడు ఒకడు. ఏ ఊరికి వెళ్తావు, అక్కడ ఏం మిగిలిందని అడిగేవాడు మరొకడు. ఇటు నుంచి ‘మామా’, అటు నుంచి ‘పిలగా’. నల్లమల పేరెత్తి మొదటివాడు కలగంటే, ఆ కలకు రెండోవాడు గండి కొడతాడు. ఎర్రబస్సు ఎక్కాలన్న తపన ఎంత నిజమో, దిగినచోట ఊరు మునుపటిలా ఉండదన్న హెచ్చరికా అంతే నిజం. ఈ రెండూ పాట చివరిదాకా రాజీపడవు. రాజీపడని రెండు మాటలు పక్కపక్కన నిలబడితే దాన్ని మన సంప్రదాయం సంవాదం అంటుంది. ఆ పేరు ఉండగా వేరే మాట దేనికి?

ఊరి బెంగను అమ్మారన్న ఆరోపణ కూడా ఇక్కడే వీగిపోతుంది. బెంగను అమ్మదలచుకున్నవాడు ఊరిని పచ్చగా చూపించి ఊరుకుంటాడు. ఈ పాట ఊరిని పచ్చగా చూపించి, వెంటనే ఆ పచ్చదనం లెక్క అడుగుతుంది. జి. కొండూరు మండలంలోని వెలగలేరు రెగ్యులేటరు మీదుగా పోయే బుడమేరు 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన సంగతి చూసినవాళ్లకు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం గొట్టాలు రోజూ కనిపించేవాళ్లకు, పల్లె అంటే పటంలో చెట్టూ చెరువూ కాదని ఒకరు చెప్పనక్కరలేదు. మామ వాళ్ల తరఫున మాట్లాడుతున్నాడు.

రెండు గొంతుల పాత ఇల్లు

ఈ సంవాదం ఎక్కడిది? సదస్సు పరిశోధకుడు రెగే పుట్టిన జమైకా వైపు చూశారు. నేను మైలవరం వైపు చూస్తాను. జి. కొండూరు నుంచి బస్సెక్కితే టికెట్టు కొట్టేలోగా వచ్చే ఊరు అది.

ఇరవయ్యో శతాబ్దపు రెండో దశాబ్దంలో మైలవరం జమీందారు సూరానేని వెంకట పాపయ్యారావు పోషణలో బాలభారతీ నాటక సమాజం వెలిసింది. పాపట్ల కాంతయ్య సంగీతం, యడవల్లి సూర్యనారాయణ నటన, కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ఆ వేదిక మీద వెలిగాయి. కపిలవాయి గొంతు గ్రామఫోను రికార్డుల మీదుగా ఆంధ్రదేశమంతా తిరిగింది. ఒక ఆసామి పెట్టుబడి, ఒక బాణీకర్త, కొందరు గాయకులు, కొత్త యంత్రం మీద రికార్డు. నేటి భాషలో దీన్ని కొలాబొరేషన్ అంటున్నాం. పేరు కొత్తది, పని ఈ నేలకు పాతది.

ఆ వేదిక మీద శ్రుతి పట్టిన హార్మోనియం మనది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులో రూపు దిద్దుకున్న వాద్యం. శాస్త్రజ్ఞులు దాన్ని ఎంతగా ఏవగించుకున్నారంటే, ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గాలిలోకి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ పల్లెల్లో హార్మోనియం లేకుండా ఒక్క పౌరాణిక నాటకం ఆడలేదు. ఎందుకు? నాటకానికి కావలసింది వాద్యం పుట్టుక కాదు, ఇద్దరు నటుల మధ్య శ్రుతి తెగకుండా పట్టుకునే వాద్యం. రాయబారంలో కృష్ణుడి పద్యం ముగిసి ఎదుటివాడి పద్యం అందుకునేలోపు ఆ ఖాళీని హార్మోనియం మోసేది. వన్స్ మోర్ కొట్టినప్పుడు ప్రేక్షకుడికి కావలసింది ఒక్క రాగాలాపనే అనుకోవడం పొరపాటు. ఎదుటి పాత్ర మొహం మీద ఆ పద్యం మళ్లీ తగలాలని అతడి కోరిక. చిలకమర్తి ‘గయోపాఖ్యానం’లో కృష్ణార్జునులు ఎదురెదురుగా నిలబడితే జనం ఇద్దరి పక్షాన చేరేవారు. ఒకరు గెలవాలని కాదు, మాట తెగకూడదని.

నాటకం జమీందారు పందిరి కింద ఉంటే, బుర్రకథ రచ్చబండ మీద ఉంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఆ కళను కొత్త ఎత్తుకు చేర్చారు. కథకుడు నడుమ తంబురాతో నిలబడతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు: కుడి వంత రాజకీయం, ఎడమ వంత హాస్యం. వీరశూర కథ ఎంత ఉద్వేగంగా సాగుతున్నా, హాస్యపు వంత మధ్యలో అడ్డుపడి జనం మనసులో ఉన్న ప్రశ్న అడిగేస్తాడు. కథకుడు దానికి జవాబు చెప్పితీరాలి. చెప్పకపోతే కథ ముందుకు పోదు. ‘ఊరెళ్ళిపోతా మామా’లోని మామ ఆ హాస్యపు వంత వారసుడు. నవ్వు తగ్గింది, ప్రశ్న అదే. ఈ పోలిక తోచాక నేను పాటను విన్న ప్రతిసారీ గిటారు తంబురా స్థానంలో, మామ ఎడమ పక్కన కనిపిస్తున్నారు.

పిలుపులను కూడా చూడాలి. ‘మామా’ అన్న మాటలో చనువు ఉంది, మేనరికపు హక్కు ఉంది. మామతో వేళాకోళం ఆడవచ్చు, మామ ఎదురు చెప్పనూ వచ్చు. ‘నాన్నా’ అని పిలిచి ఉంటే పాట ఆజ్ఞ, విధేయతల మధ్య ఇరుక్కునేది. ‘అన్నా’ అంటే ఉద్యమగీతం అయ్యేది. ‘పిలగా’ తెలంగాణ నోట వినిపించే పిలుపు. తిరువూరు దాటితే తెలంగాణే కాబట్టి మా మామిడి సీమకు ఆ పిలుపు కొత్తగా తోచదు. రాష్ట్రం రెండైనా బంధువరస ఒకటే. పాట రెండు రాష్ట్రాల్లోనూ ఇంటిమాటగా చెల్లడానికి ఈ వరసే కారణమని నా నమ్మకం.

ఖాళీ దెబ్బ

జమైకా వాదాన్ని పూర్తిగా కొట్టివేయను, దానికి రావలసిన చోటు ఇస్తాను. రెగేలో గిటారు బలమైన దెబ్బను వదిలి, దాని పక్క దెబ్బ మీద పలుకుతుంది. ఆ వదిలిన చోటు మాటకు దక్కుతుంది. సంబోధనతో ముగిసే తెలుగు వాక్యం ఆ ఖాళీలో చక్కగా కూర్చుంటుంది. పిలిచాక కాస్త ఆగడం, జవాబు కోసం చూడడం మన సంభాషణ నడక. రెగే ఆ ఆగే చోటును తాళంలోనే కట్టి ఇచ్చింది. హార్మోనియం మోసిన ఖాళీని ఇప్పుడు గిటారు మోస్తోంది.

జమైకా కథలోనూ ఊరి దారి ఉంది. బాబ్ మార్లే 1945లో నైన్ మైల్ అనే పల్లెలో పుట్టి కింగ్‌స్టన్ పేటలకు చేరినవాడు. అతడి బృందం ది వెయిలర్స్ జమైకాలో రికార్డు చేసిన ‘క్యాచ్ ఎ ఫైర్’కు (1973) లండన్‌లో ఐలండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ అమెరికన్ రాక్ వాద్యకారుడు వేన్ పర్కిన్స్ చేత గిటారు చేర్పించాడు. ఆ మరుసటి ఏడాది మార్లే పాట ‘ఐ షాట్ ద షెరిఫ్’ను ఎరిక్ క్లాప్టన్ పాడితే అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. వీటిని ప్రపంచం మేళవింపులని మెచ్చుకుంది. నాకు మాత్రం అక్కడా వినిపించేది సంవాదమే, పల్లె గొంతుకు పట్నపు వాద్యం చెప్పిన బదులు.

హద్దులు, అవతలి దారి

రామ్ మిరియాల ఆ తరవాత పాడిన ‘చిట్టి’ (జాతిరత్నాలు, 2021), కాసర్ల శ్యామ్ మాటలతో స్వరపరచి పాడిన ‘డీజే టిల్లు’ (2022) పాట ఒంటి గొంతుతోనే మారుమోగాయని, కాబట్టి సంవాదం విజయానికి తప్పనిసరి కాదని ఎవరైనా అనవచ్చు. అయితే అవి సినిమా వెన్నుదన్నుతో వచ్చినవి, వాటిని ఈ తూకంలో వేయలేం.

తూకంలో వేయదగినవి వేరే ఉన్నాయి. 1986లో రన్-డీఎంసీ, ఏరోస్మిత్ కలిసి ‘వాక్ దిస్ వే’ చేశారు. ఏరోస్మిత్ ఒంటరిగా పాడినప్పుడు అమెరికా పట్టికలో పదో స్థానం దగ్గర ఆగిన పాట, ఇద్దరూ కలిశాక నాలుగుకు ఎక్కింది. దాని వీడియోలో రెండు బృందాలు పక్కపక్క గదుల్లో ఒకరి చప్పుడు మీద ఒకరు విసుక్కుంటాయి. చివరికి స్టీవెన్ టైలర్ మైకు స్టాండుతో గోడ పగలగొడతాడు. గోడ, పేచీ లేకుండా ఆ పాట లేదు. 2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ కూడా సినిమా పాటే కాబట్టి తూకంలో వేయను, దాని పద్ధతి మాత్రం చూడండి. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాట, ప్రేమ్ రక్షిత్ అడుగు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల జంట గొంతు. తెర మీద అది ఇద్దరు మిత్రుల పోటీ. ఒకడు ఆగితే ఒకడు అందుకుంటాడు. బుర్రకథ వంతల పద్ధతే లాస్ ఏంజెలిస్ దాకా నడిచిందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు.

కాబట్టి సామూహిక సృష్టిగా వచ్చిన ఏ తెలుగు పాటనైనా పరిశీలించేవాళ్లు ఇకమీదట ఏ వాద్యం ఏ దేశానిదని ఆరా తీసే ముందు, ఎవరి మాటకు ఎవరు బదులిస్తున్నారో చూడాలి. రెండో గొంతు ఉన్న పాట నిలుస్తుంది. లేని పాట ఆ ఏటి పండుగతోనే పాతబడుతుంది. మైలవరం వేదిక నుంచి యూట్యూబ్ దాకా తెలుగు పాట చరిత్రను ఈ కోణంలో తిరగరాయవలసి ఉంది.

ఆ రోజు కోత ముగిసేసరికి పొద్దు కొండల వెనక్కి దిగింది. లెక్క చూసి కూలి చేతిలో పెడుతూ పెద్దాయన, ‘ఎప్పుడ్రా పోయేది?’ అని అడిగాడు. ‘వానలు పడితే బాబాయ్’ అన్నాడు కుర్రాడు. ఫోనులో పాట ఎప్పుడో అయిపోయింది. వాళ్లిద్దరూ ఇంకా ఆ పాటలోనే ఉన్నారు.