లక్క పట్టిన రంగు

కర్ర పెన్నుకు రంగు వేయడానికి దారులు రెండు. ఒకటి, రంగునీళ్లను కర్రకు పట్టించడం. రెండోది, కర్రకు తడి తగలకుండానే పైన రంగు తొడుగు వేయడం. అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలంలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకది రెండో దారి. లక్కపిడత అయినా, కుంకుమ భరిణె అయినా, పెన్ను అయినా పని ఒకటే. అంకుడు కర్రను లేత్‌కు బిగించి నున్నగా చెక్కుతారు. అది గిర్రున తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. కుంచెతో పనే లేదు. చివరగా మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది.

లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతుకుతుంది. జిగురు ఇస్తుంది, ఎరుపూ ఇస్తుంది. ఆ ఎరుపుకు ఒకప్పుడు యూరప్‌లోనూ గిరాకీ ఉండేది. 1856లో లండన్‌లో 18 ఏళ్ల విలియం పెర్కిన్ క్వినైన్ తయారు చేయబోతే బొగ్గు తారు సరుకులోంచి ఊదా రంగు వచ్చింది. ఆ వెనుకే రసాయన రంగులు వరస కట్టాయి. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి కూడా బజారుకెక్కింది. లక్క ఎరుపును కడిగి పారబోసే రోజులొచ్చాయి. జిగురు మాత్రం గ్రామఫోన్ రికార్డుల పుణ్యమా అని నిలబడింది.

నీలి కథ మనకు ఇంకా దగ్గరిది. సామర్లకోటలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర్లో అంకుడు ఆకుల నుంచి నీలిమందు తీసి చూశాడు. అంటే ఏటికొప్పాక బొమ్మకు ఒళ్లిచ్చే చెట్టే నీలం కూడా ఇవ్వగలదు! వ్యాపారంలో మాత్రం అది అసలు నీలిమొక్క ముందు నిలవలేదు.

బొమ్మల ఊళ్లకూ రసాయన రంగులు వచ్చాయి. చవక, కలపడం తేలిక, కంటికి ఇంపు. కానీ బొమ్మ చేరేది పిల్లల నోటికి. సీసంలాంటివి ఉన్న రంగులు అక్కడ పనికిరావు. ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు మళ్లీ చెట్ల రంగుల వైపు మళ్లింది అందుకే. పసుపు, జాఫ్రా గింజలు, నీలి, కరక్కాయ అన్నీ తెలిసిన సరుకులే. చిక్కు వేరే చోట ఉంది: మొక్కల రంగులు చాలావరకు నీళ్లలో దిగుతాయి, లక్క నీళ్లలో కరగదు. బట్టల అద్దకంలో పనికొచ్చిన పద్ధతి ఇక్కడ చెల్లదు. రంగును ఎండిన మెత్తని పొడిగా తెచ్చుకుంటే గానీ లక్కలో కలవదు. దీన్ని పాత పద్ధతికి వెనక్కి వెళ్లడం అంటారు గానీ, నా లెక్కలో ఇది కొత్త విద్యే. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

పెన్ను విషయంలో ఒక మాట. పసుపు ఎండకు ఆగదు, వెలిసిపోతుంది. కిటికీ పక్క బల్ల మీద రోజూ ఉంచేవారు నీలం పెన్ను కొనుక్కోవడం మేలు.