లంకసీమలో డప్పుతోలు

ఐ.పోలవరము అను పేరులోని మొదటి పొడియక్షరము ఐలాండ్ అను ఆంగ్లపదమునకు గుర్తు. అనగా ఇది ద్వీపపు పోలవరము. పాపికొండల దిగువనున్న పోలవరమునుండి దీనిని వేరుపరచి చెప్పుటకు ఆ యక్షరము పనికివచ్చుచున్నదే గాని, ఈ నేలమీద నడచినవానికి ఆ సంగతి మఱియొకరు చెప్పవలసిన పని లేదు. ధవళేశ్వరము దిగువ చీలిన గోదావరి శాఖలలో తూర్పుదైన గౌతమి యొకవైపునను, దానినుండి విడివడిన వృద్ధగౌతమి మఱియొకవైపునను ప్రవహించుచుండగా, దిగువ సముద్రము, నడుమ కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు, చెరువులు, ఇట్లు ఎటు చూచినను నీటి నడుమనే యుండు ఈ సీమలో గాలి సయితము సంవత్సరములో అధికభాగము చెమ్మగిల్లియే యుండును. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపాను వంటి ఉపద్రవముల మాట అటుంచి, సామాన్యమైన శ్రావణమాసపు దినమున గూడ ఇంటిలో ఉప్పు నీరుకారును, అప్పడములు మెత్తబడును, గోడకు తగిలించిన డప్పు మూగవోవును. ఈ మూడవదానిని గూర్చియే నేనిప్పుడు వ్రాయదలచితిని.

తోలు ప్రాణము పోయిన పిమ్మటను నీటితో చుట్టరికము మానదు. గాలిలోని చెమ్మను పీల్చి సాగును. సెగ తగిలిన బిగియును. సాగిన తోలుమీద దెబ్బ వేసిన శ్రుతి దిగజారుటయే గాక, నాదమునకు అంచు పోయి, పక్కవీధికి చేరకమునుపే చచ్చుబడును. అందుచేత డప్పువారు మేళము మొదలిడుటకు ముందు వీధిమొగలో ఎండుగడ్డియో, కొబ్బరిమట్టయో అంటించి వాద్యమును కాతురు. చూచువారికి అది చలిమంటవలె కనబడును గాని, అంతకంటె ఒడుపైన పని వారి విద్యలో వేఱొకటి లేదు. మంటకు జానెడు దూరమున డప్పును అంచుపట్టి గుండ్రముగా త్రిప్పుచు, నడుమ నడుమ వ్రేలితో తట్టి చెవియొగ్గుచు, బొద్దుగానున్న పలుకు క్రమముగా సన్నగిల్లి కంచు మ్రోగినట్లు ఖంగుమన్న క్షణముననే వెనుకకు తీయవలెను. తొందరపడి ముందే తీసినచో నాలుగు దరువులలో మరల సాగును. ఉపేక్షించి ఆలస్యము చేసినచో తోలు అంచుకడ పిట్లును. వానకాలపు జాతరలో ఈ కాపు ఒక రాత్రిలో మూడునాలుగుమారులు జరుగవలసినదే.

ఐ.పోలవరము మండలములోనిదే మురమళ్ళ. వృద్ధగౌతమి యొడ్డున వెలసిన అచ్చటి భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణము జరుగుట తెలుగువారిలో చాలమంది యెఱిగినదే. నిత్యకల్యాణమనగా నిత్యము మంగళవాద్యము; సన్నాయి యున్నచోట డోలు ఉండవలెను గదా! ఇక వీరభద్రుని కొలుచు వీరనాట్యమునకు వీరణము, తాషా కావలెను. గ్రామదేవతల జాతరలలో గరగలను తలకెత్తుకొని ఆడువారికి డప్పుల దరువు లేనిదే అడుగు పడదు. ఇన్ని వాద్యములు, ఇన్ని రీతులు. కాని అన్నిటికిని ముఖము తోలే, ఆ తోలునకు పగ తడిగాలియే.

ఈ పగ క్రొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రములో అవనద్ధవాద్యములకు, అనగా తోలు మూసిన వాద్యములకు, ఒక యధ్యాయమే కలదు. స్వాతియను ముని నీటికై కొలనికి పోయినప్పుడు వాన కురిసి, చిన్నవి, నడిమివి, పెద్దవియునగు తామరాకులపై చినుకులు వేఱువేఱు ధ్వనులు పలుకగా, ఆ ధ్వనులను మనసున నిలుపుకొని వచ్చి ఆయన పుష్కరవాద్యములను కల్పించెనని అందు చెప్పబడినది. వానలోనుండి పుట్టిన వాద్యమే వానకు ఓర్వలేకపోవుట ఆ మునికిని తెలియకపోలేదేమో; ఏలయన భరతుడు తోలునకు చెప్పిన దోషములలో ముదిమివలన చెడుట, కాకులు పొడుచుట, క్రొవ్వు అంటియుండుట, పొగకు నిప్పునకు పాడగుట అనువానితో పాటు చెమ్మబారుటయు నున్నది. అతడే మఱియొక మాట చెప్పినాడు: వాద్యముఖమునకు పూయు మన్ను నదీతీరమునందలి నల్లని మట్టి కావలెనట. మృదంగము అను పేరులోనే మృత్తు, అనగా మన్ను, ఉన్నది. గౌతమి గట్టున ఒండ్రునేలలో నిలిచి ఈ మాటను తలచినప్పుడు, వాద్యమునకు వలసిన మట్టిని ఇచ్చినదియు, దాని తోలును సడలించినదియు ఒకే నది యని నాకు తోచును.

తోలును వాద్యముగా మార్చినవారి పేర్లు ఏ శాసనమునను లేవు. మేకతోలునో, దూడతోలునో తెచ్చి, సున్నపునీట నానవేసి, వెండ్రుకలు రాలిన పిమ్మట ఇరువైపుల గీకి, ఎండకు నీడకు నడుమ ఆరవేసి, మరల తడిపి, కొయ్యచట్రమునకు చింతగింజల జిగురు పూసి పరచి, వెనుకవైపున వార్లతో లాగి కట్టువఱకు ఎన్నియో దినములు పట్టు ఈ పని తరతరములుగా మాదిగవారి చేతులలో నిలిచినది. వీపుమీది తోలు ఎక్కడ దళసరి, పొట్టవైపు ఎక్కడ పలుచన, ఏ పశువు తోలు సన్నపు పలుకునకు, ఏది బరువైన దరువునకు అనునది వారు బొటనవ్రేలితో నొక్కి చెప్పగలవారు. అట్టి విద్యగలవారిని, వారి వాద్యము దేవుని ముందు నడచుచుండగా, గుడి గడప యవతలనే నిలిపిన కాలము చాల దూరమైనది కాదు. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో. తోలుపని హీనమని నేర్పిన సమాజమే, ఆ పనివారి పిల్లలు దానిని విడిచినప్పుడు కళ నశించుచున్నదని వగచుట న్యాయము కాదని నా యభిప్రాయము. డప్పుమీదికి కృత్రిమపు పొర యెట్లు వచ్చెనో చెప్పబోవుటకు ముందు ఈ మాట చెప్పక తీరదు.

ఆ పొర పుట్టుక సంగీతమునకు సంబంధించినది కానేకాదు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను రసాయనజ్ఞులు వస్త్రములకు పనికివచ్చు నారకై వెదకుచు పాలియెస్టరును కనుగొనిరి. అమెరికాలో డ్యూపాంటు సంస్థ ఆ పదార్థమునే పలుచని పొరగా తీసి మైలార్ అని పేరిడినది. నీటిని నూటికి ఒక వంతైనను పీల్చని ఆ పొరను వాద్యమునకు కప్పవచ్చునను తలంపు 1950 తరువాత పలువురకు వచ్చినది. అమెరికాలో చిక్ ఎవాన్స్ 1956లో అట్టి ముఖములు చేసి అమ్మెను. లాస్ ఏంజిలిసు నగరమున రీమో బెల్లి 1957లో, పొర అంచును అల్యూమినియపు గాడిలో జిగురుతో బంధించు ఉపాయము తోడుగా, ఆ వర్తకమును స్థిరపరచెను. పాశ్చాత్యుల తోలుడ్రమ్ములకును వానయే శత్రువు. ఊరేగింపులలో వాన వచ్చిన సైనికవాద్యములు సయితము మూగవోయెడివి. సముద్రముల కావల జనులు పడిన బాధయు, గౌతమి లంకలలో మనవారు పడిన బాధయు ఒక్కటే యనుట నాకు ఆశ్చర్యముగా నుండును.

మన పల్లెలకు ఈ పొర పెండ్లి బ్యాండుమేళముల డ్రమ్ములవెంట నడచివచ్చినదని నా యంచనా. అచ్చటినుండి తాషాకు, తాషానుండి డప్పునకు ఎక్కినది. ఇప్పుడు పట్టణపు అంగడిలో ఇనుపచట్రము, చుట్టును బోల్టులు, మీద తెల్లనిదో పారదర్శకమైనదో యగు పొర గల డప్పు దొరకును. జనులు దానిని ఫైబర్ డప్పు అందురు. ఎన్నుకొనుటలో తెలియవలసినది ముఖ్యముగా మందము. అంగుళములో వేయవవంతు మిల్. 10 మిల్లుల పొర సుమారు పావు మిల్లీమీటరు. దానికంటె పలుచనైనది సన్నని పుల్లల దరువునకు చుఱుకుగా పలుకును గాని పుల్లమొన తగిలినచోట త్వరగా సొట్టపడును. రెండు పొరలు కలిపినది మన్నును, కాని పలుకు మందగించును. గీతలుగాని మడతగాని పడిన పొరను ఎంత చౌకగా నిచ్చినను తీసికొనరాదు. కుడిచేతి సిర్రతోను, ఎడమచేతి చిటికెన పుల్లతోను వాయించు డప్పునకు నడిమి మందము తగినది. చేతివ్రేళ్ళతోనే పలికించు వాద్యమునకు, నునుపు తగ్గించుటకు గరుకుపూత పూసినది మేలు.

బిగించుటలోని ఒడుపు ఇంకను సూక్ష్మము. గోదావరి గట్టున ఒక యింటి అరుగుపై ఒక వృద్ధుడు కుమారుని డప్పునకు పొర మార్చుచుండగా నేను చూచితిని. పాత పొర తీసి, చట్రపు అంచును పాతపంచె గుడ్డతో తుడిచి, గరుకుగా తగిలినచోట ఉప్పుకాగితముతో రుద్ది, క్రొత్తపొరను నడుమకు సరిగా పఱచి, బోల్టులన్నిటిని మొదట వ్రేళ్ళతోనే త్రిప్పెను. పిమ్మట పానా చేతబట్టి ఒకదానిని అరచుట్టు, దాని యెదుటిదానిని అరచుట్టు, ఇట్లు ఎదురెదురుగా బిగించుచు పోయెను. వరుసగా బిగించినచో పొర ఒకవైపునకు లాగుకొని ముడుత పడునట. ఒక విడత ముగియగానే అరచేతి మడమతో నడిమిని మెల్లగా అదిమెను. జిగురు సర్దుకొనుచు చిటచిటమన్నది. ఆ తరువాత ప్రతి బోల్టు దగ్గఱను రెండంగుళములు లోపల చిటికెన పుల్లతో తట్టి, అన్నిచోట్ల ఒకే శ్రుతి వచ్చువఱకు సరిచేసెను. తోలును వార్లతో కట్టిన కాలములో చెవి ఏమి వెదకెనో, పానా పట్టిన కాలములోను ఆ చెవి దానినే వెదకుచుండెను.

చెవి మారకున్నను చేయి మారుటకు కొంతకాలము పట్టును. అట్టి క్రొత్తడప్పును మొదటిసారి జాతరకు తెచ్చిన ఒక పడుచువాడు, తండ్రితాతలు చేసినట్లే, మంట వేయగానే దానిని సెగకు పట్టెను. పాలియెస్టరు నీటికి లొంగదు గాని నిప్పునకు లొంగును. నిముషము గడువకమునుపే పొర ఒకమూల ముడుచుకొని బొబ్బలెక్కినది. ఆ రాత్రి అతడు ఎవరిదో పాత తోలుడప్పును అడిగి తెచ్చుకొని వాయించెను. అతని ముఖమున కనబడిన బాధ వస్తువు పోయినదని కాదు, తనకు తెలిసిన విద్యయే తనను మోసగించినదని.

డప్పు, తాషాల విషయమున ఈ మార్పు నాకు సమ్మతమే. వానిలో ముఖ్యము దరువు, దూరము పోవు పలుకు. మృదంగము సంగతి వేఱు. విశాఖపట్టణములో బాల్యము గడపిన చంద్రశేఖర వేంకట రామన్ 1920లో శివకాళీ కుమారునితో కలిసియు, తరువాత 1934లో తానొకడేయు వ్రాసిన పరిశోధనవ్యాసములలో, సాధారణమైన తోలుముఖపు అనుధ్వనులు ఒకదానితో నొకటి పొసగవనియు, మృదంగమున నడుమ అద్దిన నల్లని కరణి బరువువలన అవి తంత్రీనాదమునందువలె 1, 2, 3, 4, 5 అను వరుసలో సమకూడుననియు నిరూపించెను. కిట్టపు పొడిని అన్నముతో నూరి, పొరపై పొరగా, గుండ్రాయితో రుద్ది నిలుపు ఆ కరణి తోలును పట్టినట్లు నునుపైన పాలియెస్టరును పట్టదు. ఎడమవైపున కచ్చేరీకి ముందు అద్దు రవ్వముద్ద సంగతియు నట్టిదే. ఐనను బెంగుళూరునకు చెందిన కె. వరదరంగన్ అను ఇంజనీరు, స్వయముగా గాయకుడు, గాజునార గుల్లకు కృత్రిమముఖములు కూర్చి మృదంగమును నిర్మించి, దాని అనుధ్వనులనుగూర్చి వ్యాసము ప్రకటించెను. అది తోలుమృదంగమునకు సాటియగునా యని విద్వాంసులు వాదించుకొందురు. నా చెవికి తోలునందలి ఒక మెత్తదనము, దెబ్బ పడిన వెంటనే నాదమును తనలో ఇముడ్చుకొను ఒక గుణము, పొరయందు ఇంకను దొరకలేదు. కాని వానకాలమున లంకలో మృదంగము నేర్చు బాలునకు ప్రతిదినము శ్రుతి నిలుచు వాద్యము దొరకుట చిన్న మేలు కాదు.

ఎదుర్లంకనుండి యానామునకు గౌతమిపై వంతెన 2002లో వచ్చినది. ఎదుర్లంకవాడైన ఒకప్పటి లోకసభాధ్యక్షుడు బాలయోగి పేర దానిని పిలుచుచున్నారు. అంతకుముందు మేళములవారు ఆవలి గట్టు పెండ్లిండ్లకు పోవలెనన్న రేవున పడవ ఎక్కవలసినదే. నీటితుంపరలు తగులకుండ తోలువాద్యములను పాతపంచెలలో చుట్టి, పిల్లలనువలె ఒడిలో పెట్టుకొని కూర్చుండెడివారని పెద్దలు చెప్పుదురు. మొన్న ఆ వంతెనమీద ఆటోలో పోవుచున్న నలుగురు డప్పువారిని చూచితిని. ముసురు పట్టియుండెను. వారి డప్పులకు ఇనుపచట్రములు, చుట్టును బోల్టులు, తడిసినను చెడనివి. ఐనను ప్రతిదానిని ఒక పాతపంచెలో మూట గట్టి, ముడి పైకి వచ్చునట్లు, మోకాళ్ళపై నిలుపుకొని యుండిరి.